పాత మజిల్ కారులో కొత్త ఇంజన్: ఏది దించాలి, ఏది ఎక్కించాలి?

డాలస్‌లో మా వీధి చివర ఉండే మిత్రుడు 1969 నాటి షెవర్లే కమారో కొని ఇంటికి తెచ్చుకున్న సాయంత్రం నన్ను పిలిచి అడిగిన మొదటి మాట, "దీనిలో ఎన్ని హార్స్‌పవర్ల ఇంజన్ పెట్టవచ్చు?" అని. నేను బానెట్ ఎత్తలేదు. టార్చిలైటు పట్టుకుని కారు కిందికి దూరాను. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు. వెనక పాత కమాన్ కట్టలు. ట్యాంకు నుంచి ముందుకు వచ్చే పెట్రోలు గొట్టం చిటికెన వేలంత లావు కూడా లేదు. "ముందు వీటి సంగతి తేల్చుకుందాం, ఇంజన్ సంగతి తర్వాత" అన్నాను. ఆయనకు అది రుచించలేదు. కానీ ఆ తర్వాత పద్నాలుగు నెలలు వారాంతాలన్నీ ఆ కారు కిందే గడిపాక, ఇప్పుడు ఎవరు అడిగినా ఆయనే ఆ మాట చెబుతున్నారు.

అమెరికాలో స్థిరపడిన మనవాళ్లలో ఈ సరదా ఉన్నవారు నాకు తరచూ తగులుతుంటారు. 1964లో పాంటియాక్ జీటీవోతో ఊపందుకుని 1970ల మొదట్లో చల్లబడిన మజిల్ కార్ల, అంటే పెద్ద ఇంజన్ బిగించిన ఆనాటి అమెరికా కార్ల, రూపం మీద మోజు, ఈ కాలపు ఇంజన్ ఇచ్చే నమ్మకం మీద ఆశ. రెండూ ఒకే కారులో దొరుకుతాయి. నిజంగానే దొరుకుతాయి. అయితే ఏ ఇంజన్ అన్నది హార్స్‌పవర్ పట్టిక చూసి తేల్చుకునే విషయం కాదని నా గట్టి అభిప్రాయం. మీ కారు ముందు భాగంలో ఎంత చోటు ఉంది, మీరు దాన్ని వారానికి ఎన్నిసార్లు, ఎంత దూరం నడుపుతారు అన్న రెండు ప్రశ్నలు తొంభై శాతం జవాబు చెప్పేస్తాయి.

పాత అంకెలతో కొత్త అంకెలను పోల్చకండి

చాలామంది ఇక్కడే తడబడతారు. 1971 వరకు అమెరికా కంపెనీలు ఇంజన్‌ను స్టాండు మీద నిలబెట్టి, ఎయిర్ ఫిల్టరూ కారు సైలెన్సరూ ఆల్టర్నేటరూ లేకుండా శక్తిని కొలిచి ప్రకటించేవి. 1972 నుంచి అవన్నీ బిగించిన స్థితిలో కొలవడం మొదలుపెట్టారు. 1971 కార్వెట్‌లోని ఎల్‌టీ-1 ఇంజన్‌నే తీసుకోండి: పాత పద్ధతిలో 330 హార్స్‌పవర్, కొత్త పద్ధతిలో 275. ఇంజన్ ఒకటే, కొలత మారింది.

కాబట్టి 1969 కమారో కాగితాల మీద 300 అని ఉంటే, 430 ఇచ్చే ఈ కాలపు షెవర్లే ఇంజన్ ఎల్‌ఎస్3 ఎక్కిస్తే 130 పెరుగుతుంది, అంతేకదా అనుకోవద్దు. చక్రాల దగ్గర తెలిసే తేడా అంతకంటే చాలా ఎక్కువ. యాభై ఏళ్ల నాటి బ్రేకులు, డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె), సస్పెన్షన్ మోయాల్సింది ఆ అసలు తేడానే. కమారోలో చాలావాటికి వచ్చిన పది బోల్టుల డిఫరెన్షియల్ మెత్తగా నడిపినంతకాలం ఓర్చుకుంటుంది, మంచి టైర్లు వేసి గట్టిగా తొక్కితే పళ్లు రాలుస్తుంది. పన్నెండు బోల్టులదో, ఫోర్డ్ తొమ్మిది అంగుళాలదో లెక్కలో వేసుకోండి.

దించకూడని ఇంజన్లు కొన్ని ఉన్నాయి

స్పానర్ పట్టుకునే ముందు మీ కారుకు ఫ్యాక్టరీలో బిగించిన ఇంజనే ఇప్పటికీ ఉందా అని చూడండి. ఉంటే దానికి విడిగా విలువ ఉంది, కొన్ని కార్లకైతే విలువంతా అదే.

ఏ కారుకు ఏ ఇంజన్ వచ్చిందో పట్టుకోవడం కంపెనీని బట్టి సులువు, కష్టం. డాడ్జ్ వాళ్లు మనకు మేలు చేశారు: 1970 ఛాలెంజర్ ఛాసిస్ నంబరులో ఐదో స్థానంలో ఆర్ అనే అక్షరం ఉంటే అది 426 క్యూబిక్ అంగుళాల హెమీ ఇంజన్‌తో పుట్టిన కారు. అలాంటి దాన్ని ముట్టుకోవద్దు, దండం పెట్టి యథాతథంగా బాగుచేయించండి. ఫోర్డ్‌లోనూ ఐదో అక్షరమే ఇంజన్‌ను చెబుతుంది. 1965 మస్టాంగ్‌లో కే అని ఉంటే అరుదైన 289 రకం. 1967 నుంచి వచ్చిన ఫోర్డ్ కార్లకు మార్టీ రిపోర్టు తెప్పించుకుంటే ఫ్యాక్టరీ వివరాలు వచ్చేస్తాయి. 1969 కమారో మాత్రం నోరు విప్పదు. నంబరు 12437తో మొదలైతే వీ8 కూపే అని, 12337 అయితే ఆరు సిలిండర్ల కూపే అని తెలుస్తుంది, అంతే. అది ఎక్కువ శక్తి ఉన్న ఎస్‌ఎస్ రకం అవునో కాదో ఆ నంబరు చెప్పదు. ఇంజన్ బ్లాకు మీద కొట్టిన కారు నంబరు ముక్కను చూసి, పాత కాగితాలతో సరిపోల్చుకోవాలి.

మా మిత్రుడి కారులో ఉన్నది ఎవరో ఎప్పుడో మార్చిన 350. బ్లాకు మీది నంబరు వేరే కారుది. ఆ సంగతి తెలిసి ఆయన కొంచెం నొచ్చుకున్నారు, నేను మాత్రం ఊపిరి పీల్చుకున్నాను. చరిత్ర లేని ఇంజన్‌ను దించడానికి చెయ్యి వణకదు.

మీ కారుది అసలు ఇంజనే అయినా, అంత అరుదైనది కాకపోతే, దించి నూనె పట్టించి, రంధ్రాలు మూసి, స్టాండు మీద భద్రపరచండి. ఏ రేకూ కోయకుండా మార్పు చేయగలిగితే రేపు కారు అమ్మేటప్పుడు అది ధరలో కనిపిస్తుంది.

షెవర్లే కారైతే: ఎల్‌ఎస్ కుటుంబం

జనరల్ మోటార్స్ 1997 కార్వెట్‌తో తెచ్చిన ఎల్‌ఎస్1 ఈ పని మొత్తాన్నే మార్చేసింది. 5.7 లీటర్లు, 345 హార్స్‌పవర్, అల్యూమినియం బ్లాకు. దాని సిలిండర్ల మధ్య దూరం 1955 నాటి చిన్న వీ8లో ఉన్నంతే, 4.4 అంగుళాలు. వాల్వులను కదిలించే క్యామ్ షాఫ్ట్ బ్లాకు లోపలే ఉండడంతో వెడల్పు తక్కువ. పక్కల బిగించే అడాప్టర్ పలకలు పెడితే పాత మౌంటింగుల మీదే కూర్చుంటుంది. మొత్తంగా పాత ఇనుప ఇంజన్ కంటే యాభై కిలోలకు పైగా తేలిక.

ఈ కుటుంబంలో మీ ముందు నిలిచేవి ప్రధానంగా మూడు.

ఒకటి, 1999 నుంచి పికప్ ట్రక్కుల్లో వచ్చిన 5.3 లీటర్ల ఇనుప బ్లాకు ఇంజన్లు. తుక్కు దుకాణాల్లో ఇప్పటికీ విరివిగా దొరుకుతాయి, చవక, మొండివి. 270 నుంచి 295 హార్స్‌పవర్. అల్యూమినియం బ్లాకు కంటే సుమారు 40 కిలోలు బరువు, అయినా పాత ఇంజన్‌ను మించవు. టర్బో పెట్టాలనే ఆలోచన ఉన్నవారికి ఇనుప బ్లాకే మేలు. ఒక్క జాగ్రత్త: తర్వాతి ట్రక్కు ఇంజన్లలో తేలిగ్గా నడిచేటప్పుడు నాలుగు సిలిండర్లను ఆపేసే ఏర్పాటు ఉంది. ఆ లిఫ్టర్లు, అంటే క్యామ్ కదలికను వాల్వులకు అందించే భాగాలు, పాడవడం బాగా తెలిసిన జబ్బు. అలాంటిది కొంటే ఆ ఏర్పాటును తీయించే ఖర్చు కూడా కలుపుకోండి.

రెండు, ఎల్‌ఎస్3. 2008 కార్వెట్‌తో వచ్చింది. 6.2 లీటర్లు, 430 హార్స్‌పవర్. కొత్తది పెట్టెలో, గేర్‌బాక్సుతో, కంప్యూటర్‌తో, వైరింగుతో కలిపి కంపెనీయే అమ్ముతుంది. మా మిత్రుణ్ణి నేను తీసుకోమన్నది ఇదే. ఆఫీసుకు వెళ్లాలి, ఎండాకాలంలో ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడాలి, ఏడాదికి రెండుసార్లు ఆస్టిన్ దాకా వెళ్లిరావాలి అన్నది ఆయన కోరిక. దానికి ఇంతకంటే సాఫీ అయిన, నమ్మకమైన జవాబు నాకు తెలియదు. ఉదయం ఒక్క సెల్ఫ్‌కు అందుకుంటుంది, పికప్ అడిగిన క్షణాన ఇస్తుంది.

మూడు, 2014 కార్వెట్‌తో వచ్చిన కొత్త ఎల్‌టీ1. 455 హార్స్‌పవర్, పెట్రోలును నేరుగా సిలిండర్లోకి చిమ్మే పద్ధతి. కింది వేగాల్లో లాగుడు ఇంకా బాగుంటుంది, మైలేజీ మెరుగు. కానీ ట్యాంకు నుంచి వచ్చే పెట్రోలుకే 72 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) పీడనం కావాలి, దాని మీద ఇంజన్ నడిపే మరో అధిక పీడన పంపు ఉంటుంది. కంప్యూటర్ పట్టు ఎక్కువ, వీధి చివరి మెకానిక్‌కు అలవాటు తక్కువ. ఎల్‌ఎస్3తో పోలిస్తే పెరిగిన 25 హార్స్‌పవర్ల కోసం ఇంత తలనొప్పి అక్కర్లేదని నా లెక్క.

505 హార్స్‌పవర్ల ఎల్‌ఎస్7, సిలిండర్లలోకి గాలిని బలంగా నెట్టే సూపర్‌ఛార్జర్ ఉన్న ఎల్‌ఎస్ఏ కూడా ఉన్నాయి. ట్రాక్ మీద నడిపే ఉద్దేశం లేనివారికి వాటిని నేను సిఫారసు చేయను.

చోటు సరిపోతుందని కాగితం మీద రాసి ఉన్నా కొలిచి చూసుకోవలసిందే. మన మెకానిక్‌లు ఛాంబర్ అనే ఆయిల్ సంప్ దగ్గరే మొదటి పేచీ. ట్రక్కు ఛాంబర్ లోతుగా వేలాడి, ముందున్న అడ్డ దూలానికీ స్టీరింగ్ కడ్డీలకూ తగులుతుంది, రోడ్డుకూ దగ్గరవుతుంది. పాత కార్ల కోసమే చేసిన ఛాంబర్ విడిగా దొరుకుతుంది, అది కొనండి. ఏసీ కంప్రెసర్ ట్రక్కులో ఉన్నట్టు కిందే ఉంచితే కమారో ఫ్రేముకు తగులుతుంది, పైకి మార్చే బ్రాకెట్లు కావాలి. ఇక పైన బానెట్. మా ఇంట్లో చపాతీ పిండి ముద్దలు అరడజను తెచ్చి, ఇంటేక్ మీదా థ్రాటిల్ మీదా అక్కడక్కడ పెట్టి, వాటిపై పల్చటి ప్లాస్టిక్ కప్పి, బానెట్ మెల్లగా మూసి మళ్లీ ఎత్తాం. ఐదు ముద్దలు అలాగే ఉన్నాయి. వెనక కుడివైపు ముద్ద మాత్రం అప్పడంలా అణిగిపోయింది. కత్తితో కోసి స్కేలు పెడితే నాలుగు మిల్లీమీటర్లు. ఇంజన్ కుదుపుకు ఆ చోటు చాలదు. మౌంటింగ్ పలకను మార్చి ఇంజన్‌ను కొంచెం దించాల్సి వచ్చింది. రంగు వేయించాక ఆ సంగతి తెలిసి ఉంటే బానెట్‌కు సొట్ట పడేది.

మస్టాంగ్ అయితే ఆగి ఆలోచించండి

2011లో ఫోర్డ్ మస్టాంగ్‌కు వచ్చిన 5.0 లీటర్ల కోయోటీ అద్భుతమైన ఇంజన్. మొదట 412 హార్స్‌పవర్, 2018కి 460. నాలుగు క్యామ్ షాఫ్టులు, 32 వాల్వులు, పై వేగాల్లో పాడే పాట వేరు. కానీ ఆ నాలుగు క్యామ్‌లు తలల (సిలిండర్ హెడ్ల) మీద కూర్చోవడంతో ఇంజన్ అడ్డంగా రెండడుగులు దాటుతుంది. 1965 నుంచి 1970 దాకా వచ్చిన మస్టాంగ్‌లలో ముందు సస్పెన్షన్ స్ప్రింగులను మోసే రేకు గూళ్లు ఇంజన్‌కు రెండు పక్కలా లోపలికి చొచ్చుకుని ఉంటాయి. 1967లో పెద్ద ఇంజన్ పట్టడానికి కొంత వెడల్పు చేశారు, అయినా కోయోటీకి చాలదు. ఆ గూళ్లు కోసేసి, ముందు సస్పెన్షన్ మొత్తం వేరేది వేయాలి. కారు బలంలో కొంత ఆ గూళ్లలోనే ఉంది కాబట్టి అది మామూలు కటింగ్, వెల్డింగ్ పని కాదు. ఒకసారి కోశాక వెనక్కి తేవడం దాదాపు కుదరదు.

ముందు సస్పెన్షన్ ఎలాగూ మార్చాలని నిర్ణయించుకున్నవారు, లేదా అక్కడి రేకు తుప్పుపట్టి పోయిన కారు కొన్నవారు కోయోటీ వైపు ధైర్యంగా వెళ్లండి. కంప్యూటర్, వైరింగ్, పెడల్ కలిపి ఫోర్డ్ కంట్రోల్ ప్యాక్ అమ్ముతుంది, అది కొంటే సగం యాతన తప్పుతుంది.

మిగతావారికి నేను చెప్పేది ఎవరూ గొప్పగా చెప్పుకోని దారి: 1987 నుంచి 1993 వరకు మస్టాంగ్‌లో వచ్చిన 5.0. అది మీ కారులోని 289, 302ల రక్తమే. అదే కుటుంబపు బ్లాకు, అవే మౌంటింగులు, రోలర్ లిఫ్టర్లు, ఫ్యూయల్ ఇంజెక్షన్. 225 హార్స్‌పవర్ (1993లో 205) అంటే మొహం చిట్లించకండి, అది కొత్త కొలత. తలలు, క్యామ్ మారిస్తే 300 దాటించడం కష్టమేమీ కాదు, కోత అవసరం లేదు. తేలికైన 1966 మస్టాంగ్‌కు అది కడుపునిండా భోజనం.

2020లో ఫోర్డ్ పెద్ద ట్రక్కులకు తెచ్చిన 7.3 లీటర్ల గాడ్జిల్లాను కొందరు ఎక్కిస్తున్నారు. క్యామ్ బ్లాకులోనే ఉంటుంది కాబట్టి కోయోటీ అంత వెడల్పు లేదు. కానీ అది ఇనుప బ్లాకు, బరువంతా ముందు చక్రాల మీదే. మస్టాంగ్‌కు నాకు నచ్చలేదు.

డాడ్జ్, ప్లిమత్

ఇక్కడ చోటుకు కరువు లేదు. 1970 ఛాలెంజర్ ముందు భాగాన్ని 440, 426 హెమీ లాంటి ఏనుగుల కోసమే కట్టారు. 2003లో పికప్ ట్రక్కుతో వచ్చిన 5.7 కొత్త హెమీ (345 హార్స్‌పవర్) పాత హెమీ కంటే ఎంతో సన్నం. 2011లో వచ్చిన 6.4 అయితే 470. పేచీ ఛాంబర్ ఆకారం దగ్గర, ఎగ్జాస్ట్ మానిఫోల్డు స్టీరింగ్ బాక్సుకు తగిలే చోట వస్తుంది. పాత డాడ్జ్ కోసమే చేసిన భాగాలు దొరుకుతాయి, షెవర్లే భాగాలంత చవక కావు. వాడిన 5.7 కొంటే లిఫ్టర్లు, క్యామ్ తీసి చూడనిదే ఎక్కించకండి. ఎక్కించాక తీయడం రెట్టింపు పని.

707 హార్స్‌పవర్ల హెల్‌క్యాట్ ఇంజన్ గురించి అడిగేవారు ఎక్కువ. దానికి సూపర్‌ఛార్జర్ గాలిని చల్లార్చే విడి నీటి వలయం, పెద్ద రేడియేటర్, పెద్ద పెట్రోలు పంపు, బలమైన గేర్‌బాక్సు, వెనక డానా 60 లాంటి డిఫరెన్షియల్ కావాలి. డబ్బుంటే కొనవచ్చు. కానీ 1970 నాటి చాసిస్‌లో ఆ శక్తిని రోజూ నడపడం భయం పుట్టిస్తుంది.

ఛాలెంజర్‌లో షెవర్లే ఎల్‌ఎస్ పెట్టేవారూ ఉన్నారు, ఖర్చు కలిసివస్తుంది కాబట్టి. పనితనంలో తప్పు పట్టలేను. అయినా అమ్మేటప్పుడు ఏ కంపెనీ అభిమానీ దాన్ని కొనడానికి ముందుకు రాడు. కారు ఇంటిపేరు ఒకటి, గుండె ఇంటిపేరు మరొకటి కావడం నాకూ మనసొప్పదు.

అసలు మార్చాలా?

కొత్త ఇంజన్ కావాలని వచ్చినవారిని విడమరిచి అడిగితే తరచూ బయటపడేవి మూడు: చలికాలం ఉదయం స్టార్ట్ కావడం లేదు, హైవే మీద ఇంజన్ అరుస్తోంది, పెట్రోలు వాసన వస్తోంది. వీటిలో రెండు కార్బురేటర్ జబ్బులు, ఒకటి గేర్‌బాక్సుది. పాత నాలుగు గేర్ల బాక్సులో ఓవర్‌డ్రైవ్, అంటే వేగంలో ఇంజన్‌ను నెమ్మదిగా తిరగనిచ్చే పై గేరు, లేదు, అందుకే గంటకు 70 మైళ్లలో ఇంజన్ గొంతు చించుకుంటుంది. కార్బురేటర్ చోట దానంతటదే సర్దుకునే ఫ్యూయల్ ఇంజెక్షన్ యూనిట్, పాత కార్ల నేల మధ్యలో గేర్‌బాక్సు కూర్చునే సొరంగంలో పట్టేలా చేసిన ట్రెమెక్ టీకేఎక్స్ లాంటి ఐదు గేర్ల బాక్సు వేస్తే ఆ మూడూ తీరతాయి. అసలు ఇంజన్ కారులోనే ఉంటుంది, ఖర్చు బాగా తగ్గుతుంది. మీ పాత ఇంజన్ ఆరోగ్యంగా ఉంటే ముందు ఈ దారి చూడమని నిజాయితీగా చెబుతున్నాను.

ఇంజన్ చుట్టూ అయ్యే ఖర్చు

ఇంజన్‌కు ఒక రూపాయి అయితే దాని చుట్టూ ఉన్నవాటికి మరో రూపాయి పైనే అవుతుందని అనుకుని దిగండి. కార్బురేటర్‌కు ఆరేడు పీఎస్‌ఐ పీడనం చాలు, ఎల్‌ఎస్‌కు 58 కావాలి. పంపును ట్యాంకు లోపలే పెట్టించండి. బయట వేలాడదీసిన పంపు రొద చేస్తుంది, ఎండలో వేడెక్కి మొరాయిస్తుంది. ఎల్‌ఎస్ తలల మీద ఆవిరి బయటికి పోయే సన్నటి గొట్టాలు ఉంటాయి, వాటిని రేడియేటర్ పైభాగానికి కలపాలి. మూసేస్తే లోపల గాలి బుడగలు నిలిచి తలలు హీటెక్కుతాయి.

వైరింగ్ గురించి ఒక అనుభవం. మేము ఆ భాగాన్ని ఒక గ్యారేజీకి అప్పగించాం. కారు వచ్చిన మూడోరోజు నుంచి గతుకుల మీద ఇంజన్ ఒక్క క్షణం ఆగి మళ్లీ అందుకునేది. సెన్సర్లు మార్చాం, పంపు మార్చాం. మూడు వారాల తర్వాత ఒక రాత్రి నేను ఎర్త్ తీగలను ఒక్కొక్కటే చేత్తో కదుపుతుంటే, కంప్యూటర్ ఎర్త్ బోల్టు కింద నిగనిగలాడే కొత్త పెయింటు కనిపించింది. గీకి, ఇనుము తేలాక బిగిస్తే జబ్బు పోయింది. పాత ఇంజన్‌కు ఎర్త్ కాస్త వదులైనా నడిచేది, కంప్యూటర్ ఇంజన్ ఊరుకోదు. బ్యాటరీ నుంచి ఇంజన్‌కు, ఇంజన్ నుంచి బాడీకి లావాటి తీగలు విడివిడిగా వేయించండి, కింద పెయింటు గీకారో లేదో మీరే చూడండి.

చట్టం సంగతి రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. కాలిఫోర్నియాలో 1975, అంతకుముందు కార్లకు పొగ పరీక్ష లేదు. 1976, ఆ తర్వాతి కారైతే, ఎక్కించే ఇంజన్ కారు సంవత్సరానిదో అంతకంటే కొత్తదో అయి ఉండాలి, దాని కాలుష్య నియంత్రణ భాగాలన్నీ ఉండాలి. టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి సొంత కార్లకు భద్రతా తనిఖీ ఎత్తేశారు, అంటే మీ బ్రేకులు సరిగా ఉన్నాయో లేదో చూడాల్సింది ఇక మీరే. హైదరాబాదులోనో విజయవాడలోనో ఇలాంటి ఆలోచన ఉంటే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రవాణా శాఖ అనుమతి లేకుండా ఇంజన్ ముట్టుకోకూడదని గుర్తుంచుకోండి, ఆర్‌సీలో ఇంజన్ నంబరు ఉంటుంది. బీమా మాత్రం ఎక్కడున్నా ముందే మాట్లాడుకుని, మీరూ బీమా కంపెనీ ఇద్దరూ ఒప్పుకున్న విలువ మీద తీసుకోండి. మామూలు పాలసీలో ప్రమాదం జరిగితే మీ కారును పాత కారుగానే లెక్కగడతారు.

ముందు డిస్క్ బ్రేకులు, తర్వాత పెట్రోలు లైను, తర్వాత ఇంజన్: మా కమారోకు ఈ వరసలోనే చేశాం. ఇంజన్ దించే ముందు నాలుగు మడ్‌గార్డుల అంచుల నుంచి నేల దాకా టేపుతో కొలిచి గోడ మీద చాక్‌పీసుతో రాసిపెట్టుకోండి. కొత్త ఇంజన్ తేలిక కాబట్టి ముందు భాగం లేస్తుంది. మాది ముప్పావు అంగుళం లేచింది. ఆ రాతే చూసి సరైన ముందు స్ప్రింగులు తెప్పించుకున్నాం.